పాత ఎన్నికల బ్యాడ్జీకి అంత రేటెందుకు? అమెరికా అధ్యక్ష ప్రచార బటన్ల వెనక ఉన్న లెక్క

క్లుప్తంగా

అమెరికాలో పాత ఎన్నికల బటన్ల ధరలు చూస్తే ఎవరికైనా తికమకగానే ఉంటుంది. 1896లో అధ్యక్షుడిగా గెలిచిన మెకిన్లీ ప్రచార బటన్, అంటే 125 ఏళ్లు దాటిన వస్తువు, మామూలు రకమైతే ఇరవై ముప్ఫై డాలర్లకి కూడా దొరుకుతుంది. దానికంటే పాతికేళ్లు చిన్నదైన 1920లో ఓడిపోయిన కాక్స్-రూజ్‌వెల్ట్ జంట బటన్ మాత్రం 2022లో వేలంలో లక్షా 85 వేల డాలర్లు దాటింది, అప్పటి రేటులో దాదాపు కోటిన్నర రూపాయలు. రెండూ రేకుముక్కలే, సైజు కూడా అటూ ఇటూ రూపాయి బిళ్లంత. తేడా ఎక్కడొచ్చిందంటే, ఆ ఏడాది ఆ అభ్యర్థి దగ్గర ప్రచారానికి డబ్బు ఎంత ఉంది, ఆ డబ్బు దేనికి ఖర్చుపెట్టాడు అన్న దాంట్లో. వయసు కంటే ఇదే ధరని ఎక్కువగా నడిపిస్తుంది. ఇంటి ముందు పాత సామాన్లు అమ్మే గరాజ్ సేల్‌లోనో, చనిపోయినవాళ్ల సామాన్లు అమ్మే ఎస్టేట్ సేల్‌లోనో ఒక డబ్బా నిండా బటన్లు కనబడినప్పుడు ఏది అసలు, ఏది కాపీ, దేనికి విలువ అనేది కూడా ఈ చరిత్ర తెలిస్తేనే అర్థమవుతుంది.

మొదట్లో అవి నిజంగానే గుండీలు

మనం బ్యాడ్జీ అనేదాన్ని అక్కడ బటన్ అంటారు, బటన్ అంటే మనకి చొక్కా గుండీ. ఈ రెండూ ఒకటెలా అయ్యాయని అనిపిస్తుంది గానీ మొదట్లో అవి నిజంగానే గుండీలు. 1789 ఏప్రిల్ 30న న్యూయార్క్‌లో జార్జ్ వాషింగ్టన్ ప్రమాణస్వీకారం చేసినప్పుడు రాగితో, ఇత్తడితో కోటు గుండీలు చేయించి అమ్మారు. మధ్యలో ఆయన పేరు పొడి అక్షరాలు, చుట్టూ అధ్యక్షుడు చిరకాలం వర్ధిల్లాలి అనే అర్థం వచ్చే మాట, కొన్నింటి మీద రాష్ట్రాల పేర్ల పొడి అక్షరాలు గొలుసుకట్టుగా. జనం వాటిని కోటుకి కుట్టించుకుని తిరిగారు. ఐతే ఇవి ఓటడిగే బటన్లు కావు, ఆ ఎన్నికలో అసలు పోటీయే లేదు, అధ్యక్షుణ్ని ఎన్నుకునే ప్రతినిధులు, అంటే ఎలెక్టర్లందరూ వాషింగ్టన్‌కే వేశారు. ఒక సంబరానికి గుర్తుగా చేసుకున్నవి మాత్రమే.

ఓటడగాల్సిన అవసరం తర్వాత వచ్చింది. ఆస్తి ఉన్నవాళ్లకే ఓటు అనే నిబంధనలు ఒక్కో రాష్ట్రంలో పోతూ వచ్చాయి (తెల్లజాతి మగవాళ్ల వరకే, అది మర్చిపోకూడదు). దాంతో 1824లో పోలైన ఓట్లు మూడున్నర లక్షల పైచిలుకు ఉంటే 1840కి వచ్చేసరికి 24 లక్షలు దాటాయి. ఇంతమందిని ఇంటింటికీ వెళ్లి పలకరించడం కుదరదు కాబట్టి అభ్యర్థి పేరు ఊరూరా తిరగాలి, దానికి చేతిలో పట్టే చవక వస్తువు కావాలి. 1840లో విలియం హెన్రీ హారిసన్‌ని ప్రత్యర్థి పత్రిక ఒకటి వెక్కిరించింది, ఆయనకి ఒక దుంగల గుడిసె, ఒక పీపా ఆపిల్ కల్లు ఇస్తే చాలు పడుంటాడు అన్న ధోరణిలో. ఆయన పార్టీ వాళ్లు దాన్నే జెండాగా ఎత్తుకున్నారు. నిజానికి హారిసన్ వర్జీనియాలో బాగా కలిగిన కుటుంబంలో పుట్టినవాడు, అయినా గుడిసె బొమ్మ, పీపా బొమ్మ వేసిన బిళ్లలు దేశమంతా తిరిగాయి. ఆ బిళ్లలకి పైన చిన్న బెజ్జం ఉంటుంది, అందులో దారమో రిబ్బనో కట్టి కోటుకి వేలాడదీసుకునేవాళ్లు. ఇప్పుడు సేకరించేవాళ్లు బెజ్జం ఉంటే లోపం అనుకోరు, అది ఎవరో నిజంగా పెట్టుకు తిరిగారు అనడానికి సాక్ష్యం.

అభ్యర్థి ముఖం జనానికి ఫొటోగా తెలిసింది మాత్రం 1860లో. సన్నటి ఇనపరేకు మీద ఫొటో దింపే పద్ధతికి 1856లో పేటెంట్ వచ్చింది, నాలుగేళ్లకే అది ఎన్నికల్లోకి దిగింది. ఇత్తడి చట్రంలో ఒకవైపు లింకన్, తిప్పితే రెండోవైపు ఉపాధ్యక్ష అభ్యర్థి హానిబల్ హామ్లిన్. ఆ ఎన్నికలో పోటీ చేసిన నలుగురికీ ఇలాంటివి ఉన్నాయి. లింకన్ బిళ్లల్లో ఒక సంగతి గమనించాలి, 1860 వాటిలో ఆయనకి గడ్డం ఉండదు. న్యూయార్క్ రాష్ట్రంలో గ్రేస్ బెడెల్ అనే 11 ఏళ్ల అమ్మాయి ఆ అక్టోబర్‌లో ఆయనకి ఉత్తరం రాసింది, మీ ముఖం మరీ సన్నగా ఉంది, గడ్డం పెంచితే బాగుంటారు అని. ఆయన పెంచేసరికి ఎన్నిక అయిపోయింది. అందుకే గడ్డం ఉన్న లింకన్ బొమ్మతో 1860 ప్రచార బిళ్ల అని ఎవరైనా అమ్మజూపితే ఆగి ఆలోచించాలి, అది 1864దైనా అయ్యుండాలి, లేదా తర్వాత ఎవరో చేసిందైనా అయ్యుండాలి.

1896లో ఏం మారింది

ఇప్పుడు మనకి తెలిసిన పిన్ను బటన్ పుట్టింది 1896లో. న్యూజెర్సీ రాష్ట్రం న్యూవార్క్‌లో వైట్‌హెడ్ అండ్ హోగ్ అనే కంపెనీ దీని పేటెంట్లు చేతిలో పెట్టుకుని మొదలుపెట్టింది. ఆ నాటి బటన్ ఒకటి చేతిలోకి తీసుకుని చూస్తే పని ఎంత తెలివిగా చేశారో తెలుస్తుంది. కింద గుండ్రటి రేకు, దాని మీద రంగుల్లో అచ్చేసిన కాగితం, ఆ కాగితం మీద పారదర్శకంగా ఉండే సెల్యులాయిడ్ పొర, ఈ మూడింటినీ అంచు దగ్గర వెనక్కి మడిచి లోపల ఒక రింగుతో బిగించేస్తారు. ఆ రింగులోనే స్ప్రింగులా వంచిన తీగ ఇరికి ఉంటుంది, అదే పిన్ను. జిగురు లేదు, కుట్టు లేదు. వెనక ఖాళీ జాగాలో ఇంకో చిన్న కాగితం అంటించి ఉంటుంది, దాని మీద కంపెనీ పేరు, పేటెంట్ తేదీలు. ఆ కాగితం చెక్కుచెదరకుండా ఉంటే కొనేవాడికి సగం భయం పోతుంది.

ముందున్న పద్ధతులకీ దీనికీ తేడా ఖర్చులో ఉంది. ఇనపరేకు ఫొటో ఒక్కొక్కటీ దింపాలి, లోహపు బిళ్లకి అచ్చు చెక్కాలి. దీనికి కాగితం అచ్చేస్తే చాలు, మిగతాది యంత్రం చేసుకుపోతుంది, అదీ అన్ని రంగుల్లో. చూయింగ్ గమ్ కంపెనీలు, సిగరెట్ కంపెనీలు కూడా ఆ ఏడాది తమ సరుకుతో పాటు ఇద్దరు అభ్యర్థుల బటన్లూ ఉచితంగా పంచాయి.

పైగా ఆ ఎన్నిక అంశం కూడా అలాంటిదే, జనం రెండుగా చీలిపోయిన విషయం. రిపబ్లికన్ అభ్యర్థి మెకిన్లీ వర్గం బంగారమే డబ్బుకి ఆధారం కావాలంది, డెమొక్రాట్ అభ్యర్థి బ్రయాన్ వర్గం వెండి నాణేలు కూడా విచ్చలవిడిగా ముద్రించాలి, 16 ఔన్సుల వెండి ఒక ఔన్సు బంగారంతో సమానంగా లెక్కకట్టాలి అంది. అప్పుల్లో మునిగిన రైతులకి డబ్బు చలామణి పెరగడం కావాలి, అప్పులిచ్చినవాళ్లకి అది వద్దు. ఇంత ఆర్థికశాస్త్రం అంగుళం వెడల్పు బటన్ మీద ఎలా చెప్తారు? బ్రయాన్ బటన్లలో ఒకదాని మీద గడియారం బొమ్మ ఉంటుంది, ముళ్లు ఒంటిగంటకి పదహారు నిమిషాలు తక్కువ చూపిస్తుంటాయి, ఇంగ్లిషులో సిక్స్‌టీన్ టు వన్, అంటే పదహారుకి ఒకటి అన్నమాట. బంగారం పక్షం వాళ్లని గోల్డ్ బగ్ అనేవారు కాబట్టి మెకిన్లీ వైపు వాళ్లు బంగారు రంగు పురుగు ఆకారంలో పిన్నులు చేశారు, కొన్నింటిలో చిన్న మీట నొక్కితే రెక్కలు టక్కున విచ్చుకుని ఒక రెక్క మీద మెకిన్లీ, రెండో దాని మీద ఉపాధ్యక్ష అభ్యర్థి హోబర్ట్ ఫొటో కనిపిస్తాయి. చదువు రానివాడికి కూడా విషయం చేరేలా చేసిన పని ఇది.

మెకిన్లీ ప్రచారం నడిపిన మార్క్ హానా దాదాపు 35 లక్షల డాలర్లు పోగేశాడని, బ్రయాన్ దగ్గర ఉన్నది అందులో చిన్న భాగమేనని చరిత్రకారులు లెక్కకడతారు. అంత డబ్బుతో, అంత చవక వస్తువు చేతికొచ్చేసరికి బటన్లు వరదలా వచ్చాయి. ఆ వరద వల్లే మామూలు మెకిన్లీ బటన్ ఈరోజుకీ చవక.

ఓడిపోయినవాళ్ల బటన్లే ఎందుకు ఖరీదు

ఇప్పుడు 1920కి వద్దాం. డెమొక్రాట్ల తరఫున ఒహాయో గవర్నర్ జేమ్స్ కాక్స్, ఆయన పక్కన ఉపాధ్యక్ష అభ్యర్థిగా 38 ఏళ్ల ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ఆ పార్టీ మీద జనానికి విసుగు పుట్టింది, చందాలు రాలేదు, ఓడిపోయే గుర్రం మీద డబ్బు పెట్టేవాళ్లు ఎవరుంటారు? ఉన్న కాస్త డబ్బుతో పేరు మాత్రమే ఉన్న చవక బటన్లు ఎక్కువగా చేయించుకున్నారు, ఇద్దరి ఫొటోలూ ఉన్నవి చాలా తక్కువ. రిపబ్లికన్ అభ్యర్థి హార్డింగ్ దాదాపు 60 శాతం ఓట్లతో గెలిచాడు. కాక్స్ పేరు చాలామంది మర్చిపోయారు. రూజ్‌వెల్ట్ మాత్రం తర్వాత నాలుగుసార్లు అధ్యక్షుడయ్యాడు. అంటే అందరికీ కావలసిన మనిషి, దొరకని బటన్, ఈ రెండూ ఒకేచోట కలిశాయి. ధర అక్కడికి వెళ్లింది అందుకే.

ఇలా అధ్యక్ష, ఉపాధ్యక్ష అభ్యర్థులిద్దరి ముఖాలూ పక్కపక్కన ఉన్న బటన్‌ని సేకరించేవాళ్లు జుగేట్ అంటారు. కాడి అనే అర్థం ఉన్న లాటిన్ మాట నుంచి వచ్చిందది, మన యుగళగీతంలో ఉన్న యుగళానికి దూరపు చుట్టం. ఈ హాబీలో అన్నిటికంటే ఎక్కువ గిరాకీ జుగేట్లకే. 1924లో ఓడిన జాన్ డేవిస్ జుగేట్లు కూడా ఇలాగే అరుదు. 1948లో ట్రూమన్ ఓడిపోతాడని అందరూ రాసేశారు కాబట్టి చందాలిచ్చేవాళ్లు మొహం చాటేశారు, తీరా ఆయన గెలిచాడు, అందుకని గెలిచిన అభ్యర్థే అయినా ఆయన మంచి బటన్లు అంత సులువుగా దొరకవు. ఓటమి ఒక్కటే కారణం కాదు, ఓడిపోతాడన్న అంచనా చందాల్ని ఆపేస్తుంది, చందాలు ఆగితే బటన్లు ఆగుతాయి, ఇదీ అసలు వరస.

దీనికి తిరగబడ్డ ఉదాహరణ 1940. రూజ్‌వెల్ట్ మూడోసారి నిలబడుతున్నాడని రిపబ్లికన్లకి మండిపోయింది, అంతకుముందు ఎవరూ మూడుసార్లు గెలవలేదు. వాళ్ల అభ్యర్థి విల్కీ తరఫున మూడోసారి వద్దు అనే నినాదంతో లెక్కలేనన్ని బటన్లు వచ్చాయి. మాకు ఎలియనార్ కూడా వద్దు అని అధ్యక్షుడి భార్య పేరు మీద కూడా ఒకటి కొట్టించారు. విల్కీ ఓడిపోయాడు, ఐనా ఆ నినాదాల బటన్లు ఈరోజుకీ కొద్ది డాలర్లకే దొరుకుతాయి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి ఇంతకంటే మంచి చోటు లేదు, తక్కువ ఖర్చు, ఒక్కో బటన్ మీదా ఒక్కో తగాదా.

బటన్ మీద మిగిలిపోయిన గొడవలు

ధర పక్కనపెడితే, కొన్ని బటన్లు పుస్తకాల్లో ఒక పేరా కూడా రాని సంగతుల్ని పట్టి ఉంచాయి. 1901 అక్టోబర్ 16న అప్పటి అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ (పైన చెప్పిన ఫ్రాంక్లిన్ కాదు) నల్లజాతి విద్యావేత్త బుకర్ టి. వాషింగ్టన్‌ని వైట్‌హౌస్‌లో భోజనానికి పిలిచాడు. దక్షిణ రాష్ట్రాల్లో పెద్ద దుమారం రేగింది. ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చున్న బొమ్మ, కింద సమానత్వం అనే ఒక్క మాటతో బటన్లు వచ్చాయి. ఆ బొమ్మ చూసి ఒకళ్లు గర్వపడ్డారు, రూజ్‌వెల్ట్ వ్యతిరేకులు అదే బొమ్మతో తెల్ల ఓటర్లని రెచ్చగొట్టారు. ఎవరి చొక్కా మీద ఉందన్నదాన్ని బట్టి అర్థం తలకిందులైంది. అప్పటి సమాజం గురించి చెప్పడానికి ఈ ఒక్క బటన్ చాలు.

1920లోనే సోషలిస్టు నాయకుడు యూజిన్ డెబ్స్ అట్లాంటా జైలు నుంచి పోటీ చేశాడు. యుద్ధానికి వ్యతిరేకంగా ప్రసంగించాడని పదేళ్ల శిక్ష వేశారు. ఆయన బటన్ మీద ఫొటో, అధ్యక్ష పదవికి ఖైదీ నంబర్ 9653 అన్న మాట. తొమ్మిది లక్షలకి పైగా ఓట్లు పడ్డాయి. 1936లో రిపబ్లికన్ అభ్యర్థి, కాన్సస్ గవర్నర్ ఆల్ఫ్ లాండన్‌కి వాళ్ల రాష్ట్ర పువ్వు పొద్దుతిరుగుడు కలిసొస్తుందనుకున్నారు, గోధుమరంగు బటన్ చుట్టూ పసుపు ఫెల్ట్ గుడ్డని రేకుల్లా కత్తిరించి పెట్టారు. పువ్వు బాగుంది గానీ ఆయన గెలిచింది రెండే రాష్ట్రాలు. ఆ గుడ్డ రేకులకి పురుగు పట్టకుండా మిగిలినవి ఇప్పుడు చూడముచ్చటగా ఉంటాయి.

మన ఎన్నికలతో పోలిస్తే ఒక తేడా కనిపిస్తుంది. మన దగ్గర 1951-52 మొదటి సాధారణ ఎన్నికల నుంచీ ఓటరు గుర్తు చూసి వేస్తాడు, అందుకే ప్రచార సరుకంతా గుర్తు చుట్టూ, రంగు చుట్టూ తిరుగుతుంది, బ్యాడ్జీ కంటే కండువాకి పని ఎక్కువ. అక్కడ ముఖం, పేరు, నినాదం. పార్టీలకి గాడిద, ఏనుగు గుర్తులు ఉన్నా బటన్ మీద అవి పక్కకే ఉంటాయి. అందువల్ల ప్రతి నాలుగేళ్లకీ పాత సరుకు పనికిరాకుండా పోతుంది, కొత్త ముఖం, కొత్త బటన్. సేకరణ అనే అలవాటు అంత బలంగా పెరగడానికి ఇది ఒక కారణం అయ్యుంటుంది.

డబ్బు టీవీకి మళ్లాక

1920 ప్రాంతం నుంచి రేకు మీదే నేరుగా రంగులు అచ్చేసి ఆ రేకుని బటన్లుగా కొట్టే పద్ధతి వచ్చింది, లిథో బటన్లు అంటారు. కాగితం లేదు, సెల్యులాయిడ్ లేదు, లక్షల్లో చేస్తే ఇంకా చవక, కాకపోతే గీతలు పడతాయి, తుప్పు పడుతుంది. 1952లో ఐజెన్‌హోవర్‌కి చేసిన ఐ లైక్ ఐక్ నినాదం (ఐక్ అనేది ఆయన ముద్దుపేరు) ఈ రకం బటన్ల మీద ఇంటింటికీ చేరింది. అదే ఎన్నికలో ఆయనకి టీవీ ప్రకటనలు కూడా చేశారు, తర్వాత ఇరవై ఏళ్లలో డబ్బు మెల్లగా అటే మళ్లింది.

అసలు దెబ్బ 1976లో తగిలింది. వాటర్‌గేట్ కుంభకోణం తర్వాత వచ్చిన చట్టం ప్రకారం అధ్యక్ష అభ్యర్థులు ఫోర్డ్, కార్టర్ ఇద్దరూ ప్రభుత్వ నిధులు తీసుకున్నారు, ఒక్కొక్కరికీ 2 కోట్ల 18 లక్షల డాలర్లు, అంతకి మించి ఖర్చుపెట్టకూడదు. పరిమితి ఉన్నప్పుడు ఎవరైనా టీవీకే పెడతారు, బటన్లకీ బంపర్ స్టిక్కర్లకీ కోత పడింది. ఊళ్లలో ప్రచార ఆఫీసులకి పంచడానికి సరుకు లేక కార్యకర్తలు గోలపెట్టారు. చివరికి 1979లో చట్టం సవరించి, రాష్ట్ర, స్థానిక పార్టీ శాఖలు వాలంటీర్ల పని కోసం చేయించే బటన్లు, స్టిక్కర్ల ఖర్చుని ఆ పరిమితిలోంచి తీసేశారు. ఒక రేకుముక్క కోసం దేశ చట్టం మార్చాల్సి వచ్చిందంటే దానికున్న పట్టు ఏంటో అర్థమవుతుంది.

ఇంకో చట్టం సంగతి కూడా ఉంది. మిన్నెసోటాలో పోలింగ్ కేంద్రంలోకి ఎలాంటి రాజకీయ బ్యాడ్జీ, దుస్తులు వేసుకురాకూడదని వందేళ్లకి పైబడిన నిబంధన ఉండేది. నా గుర్తింపు కార్డు అడగండి అనే అర్థం వచ్చే బటన్ పెట్టుకున్న ఓటరుని 2010లో ఆపారు. సుప్రీంకోర్టు 2018లో 7-2 మెజారిటీతో ఆ నిబంధన కొట్టేసింది. పోలింగ్ కేంద్రంలో ప్రచారాన్ని ఆపే అధికారం రాష్ట్రానికి ఉంది, కానీ ఏది రాజకీయమో ఏది కాదో ఈ చట్టం స్పష్టంగా చెప్పడం లేదన్నది కోర్టు మాట.

కాపీలు పట్టుకోవడం

ఈ హాబీకి 1945లోనే అమెరికన్ పొలిటికల్ ఐటమ్స్ కలెక్టర్స్ అనే సంఘం ఏర్పడింది. వాళ్లకి పెద్ద తలనొప్పి 1968, 1972 ఎన్నికలప్పుడు వచ్చింది. కొన్ని పెద్ద కంపెనీలు తమ సరుకుతో పాటు పాత బటన్ల కాపీల సెట్లు పంచాయి. మోసం చేద్దామని కాదు, ప్రచారం కోసం. కానీ అవి ఇళ్లలో పడుండి, మాసిపోయి, తాతగారి వస్తువులుగా బయటికొచ్చేసరికి అసలువిలా కనిపిస్తున్నాయి. 1973లో హాబీ ప్రొటెక్షన్ యాక్ట్ వచ్చింది, దాని ప్రకారం రాజకీయ వస్తువుల కాపీ మీద అది తయారైన సంవత్సరం చెరగకుండా వెయ్యాలి. అంతకుముందు చేసినవాటికి ఇది వర్తించదు, మార్కెట్లో ఎక్కువగా తిరిగేవి అవే.

పట్టుకోవడానికి ముందు అంచు చూడాలి. బటన్‌ని కొద్దిగా పక్కకి వాల్చి, రేకు వెనక్కి మడిచిన చోట వెలుతురు పడేలా తిప్పితే కాపీలు పంచిన కంపెనీ పేరు, ఏడాది సన్నటి అక్షరాల్లో ఉంటాయి, ఏ-ఓ-1972 అనో, క్లీనెక్స్ టిష్యూ 68 అనో. ఆ జాగాలో ఎవరైనా గీకినట్టో రంగు పూసినట్టో ఉంటే అక్కడితో వదిలెయ్యడం మంచిది. రెండోది తయారీ పద్ధతి. మెకిన్లీ, బ్రయాన్, థియొడోర్ రూజ్‌వెల్ట్ కాలంలో బటన్లు సెల్యులాయిడ్‌వి, రేకు మీద అచ్చేసిన లిథోలో మెకిన్లీ ముఖం కనిపిస్తే అది కాపీ, ఇంక ఆలోచించక్కర్లేదు. మూడోది భూతద్దం పెట్టి కళ్లు, మీసం చూడటం, అసలు బటన్‌ని ఫొటో తీసి మళ్లీ అచ్చేసినవాటిలో గీతలు మసకబారి, అక్షరాల అంచులు అలుక్కుపోయి ఉంటాయి.

అసలుదైనా పాడైతే ధర సగానికి సగం పడిపోతుంది. సెల్యులాయిడ్ బటన్‌కి తేమే పెద్ద శత్రువు. అంచులోంచి చెమ్మ లోపలికి పోతే రేకు తుప్పు పట్టి కాగితం మీద గోధుమరంగు మచ్చలు లేస్తాయి, ఫాక్సింగ్ అంటారు దాన్ని, వచ్చాక పోదు. మురికిగా ఉందని నీళ్లతో కడిగితే ఉన్నది కూడా పోతుంది, పొడిగుడ్డతో తుడిచి వదిలెయ్యాలి. ఎండ తగిలే గోడకి ఫ్రేము కట్టి వేలాడదీస్తే ఎరుపు ముందు వెలిసిపోతుంది. వైజాగ్, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఉన్న ఊళ్లకి అమెరికా నుంచి ఎవరైనా తెచ్చుకుంటే గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచడం తప్పనిసరి.

ఇప్పటి బటన్ల సంగతి

2024 జులై 21న బైడెన్ పోటీ నుంచి తప్పుకోగానే బైడెన్-హారిస్ బటన్లు అరుదైపోతాయని చాలామంది కొని దాచారు. 1972లో సరిగ్గా ఇదే జరిగింది. డెమొక్రాట్ల అభ్యర్థి మెక్‌గవర్న్ పక్కన ఉపాధ్యక్ష అభ్యర్థిగా ఉన్న ఈగిల్టన్ 18 రోజులకే తప్పుకున్నాడు, ఆ ఇద్దరి బటన్లు ఇక దొరకవని ఎవరికి వాళ్లు దాచుకున్నారు. అందరూ దాచారు కాబట్టి అన్నీ మిగిలాయి, యాభై ఏళ్లు దాటినా ఇప్పటికీ కొద్ది డాలర్లకే వస్తాయి. ట్రంప్-వాన్స్ బటన్లదీ అదే పరిస్థితి. వాన్స్ భార్య ఉషా చిలుకూరి వల్ల తెలుగువాళ్లలో ఆ ఎన్నిక మీద ఆసక్తి పెరిగింది, జ్ఞాపకంగా దాచుకుంటే మంచిదే, కానీ ఆన్‌లైన్లో కుప్పలుగా అమ్మిన సరుకుకి రేటు పెరగడం కష్టం. ఏదో కౌంటీలో వాలంటీర్లు వంద, రెండొందలు మాత్రమే కొట్టించుకుని, ఎన్నిక అయ్యాక చెత్తబుట్టలో వేసేసిన బటన్లకే ఆ అవకాశం ఎక్కువ, కాక్స్-రూజ్‌వెల్ట్ బటన్ కూడా 1920 నవంబర్‌లో ఎవరూ దాచుకోవాలనుకోని వస్తువే.